కుండలిచ్చి కొండలు పుచ్చుకున్న కొట్టు

అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో వోనోర్ అని చిన్న ఊరు. పక్కనే, ఆనకట్ట కట్టాక పారడం మానేసిన లిటిల్ టెనెసీ నది. ఒడ్డున పచ్చికలో పునాదుల ఆనవాళ్లు, వరసగా నాటిన గుంజలు. టెల్లికో బ్లాక్‌హౌస్ అంటే ఇప్పుడు ఇంతే. ఎదుటి గట్టున మళ్లీ కట్టిన లౌడన్ కోట చూస్తే కళ్లు అటే పోతాయి గానీ, అసలు కథ ఈ గుంజల దగ్గరే ఉంది.

1794లో ఇది సైనికుల కాపలా ఠాణా. అక్కడి ఆదివాసులు చెరోకీలతో పోరు ముగిసింది ఆ ఏడే. మరుసటేడు ప్రభుత్వమే ఇక్కడ ఒక కొట్టు తెరిచి ‘ఫ్యాక్టరీ’ అంది. పొగగొట్టం ఉండేదేమో అనుకోకండి. 1611లో ఇంగ్లిషు కంపెనీ మన మచిలీపట్నంలో పెట్టిందీ ఇలాంటి ఫ్యాక్టరీయే: గుమాస్తా కూర్చుని సరుకు కొని, అమ్మే చోటు. చెరోకీలు జింక తోళ్లు తెచ్చి దుప్పట్లు, బట్టలు, ఇనప కుండలు, తుపాకి మందు పట్టుకెళ్లేవారు. ప్రైవేటు వర్తకుల మోసాలు ఆపాలన్నది పైకి చెప్పిన మాట. అది పూర్తిగా అబద్ధమూ కాదు.

కానీ కొట్లో ఇచ్చే అరువు ఖాతాకు ఇంకో ఉపయోగం ఉందని అధ్యక్షుడు జెఫర్సన్ కనిపెట్టాడు. తెగల పెద్దలు అప్పుల్లో కూరుకుపోతే మంచిదే, తీర్చలేనప్పుడు భూములు వదులుకుంటారు అని 1803లో ఇండియానా ప్రాంత గవర్నరు హారిసన్‌కు రాసిన ఉత్తరంలో దాపరికం లేకుండా చెప్పాడు. మన ఊళ్లలో షావుకారు కూడా ఇంత ధైర్యంగా కాగితం మీద పెట్టడు.

1798, 1804, 1805 ఒప్పందాలు జరిగింది టెల్లికోలోనే. ఒక్కొక్క సంతకానికీ కొంత నేల చేజారింది. ఆ బేరాల్లో సొంత లాభం చూసుకున్నాడని డబుల్‌హెడ్ అనే నాయకుణ్ని 1807లో చెరోకీలే చంపేశారు. కొట్టు కూడా ఆ ఏడే హయవాసీ అనే చోటికి తరలిపోయింది.

1979లో లిటిల్ టెనెసీ మీద కట్టిన టెల్లికో ఆనకట్ట తలుపులు దించారు. చెరోకీల రాజధాని చోటా ఉన్న నేల మునిగింది. నీటికి పైన ఎత్తు చేసిన దిబ్బ మీద ఎనిమిది స్తంభాలు నిలబెట్టారు: ఏడు వంశాలకు ఏడు, జాతి మొత్తానికి ఒకటి. పక్కనే యుద్ధనాయకుడు ఒకొనోస్టోటా సమాధి. ఆయన చనిపోయింది కొట్టు పుట్టకముందే, 1783లో. ముంపుకు ముందు జరిగిన తవ్వకాల్లో ఎముకలు ఆయనవేనని పోల్చుకోవడానికి పనికొచ్చింది, వాటితోపాటు దొరికిన కళ్లజోడు.