తిండీ పడకా జీతమూ: హోటల్ కొలువు నడిచిన దారి

ఓరుగల్లులో పూటకూళ్ళ ఇంటి భోజనం గురించి ‘క్రీడాభిరామం’ నోరూరేలా చెబుతుంది. రూక పెడితే సన్నన్నం, గోధుమపిండి వంట, నెయ్యి అన్నీ విస్తట్లోకి వస్తాయి. ఆ వంట వండిందెవరు, వడ్డించిందెవరు అన్నది కవికి పట్టలేదు. పట్టాల్సిన పనీ లేదు, అదంతా ఇంటివాళ్ళ చాకిరీయే కాబట్టి. అచ్చులో 1897లో వచ్చిన ‘కన్యాశుల్కం’ నాటికీ ఆ ఏర్పాటు పెద్దగా మారలేదు. విజయనగరంలో పూటకూళ్ళమ్మ తానే యజమాని, తానే వంటమనిషి, బాకీలు వసూలు చేసే గుమాస్తా కూడా తానే. భర్త పోయిన ఆడదానికి నాలుగు రాళ్ళు సంపాదించుకునే దారులు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని ఉన్న రోజుల్లో వంట అందులో ఒకటి. తరవాత వచ్చిన కాఫీ హోటళ్ళు ఆమె వ్యాపారాన్ని తీసుకున్నాయి కానీ ఆమెకు పని మాత్రం ఇవ్వలేదు.

రైళ్ళు, కోర్టులు, కాలేజీలు పెరిగి, ఇల్లు విడిచి పట్నంలో ఉండే మగవాళ్ళు ఎక్కువయ్యాక ఉడిపి హోటల్ వచ్చింది. ఉడిపి మఠాల వంటశాలల్లో చెయ్యి తిరిగినవాళ్ళు, వాళ్ళ వెంట పనికోసం బయల్దేరిన కుర్రాళ్ళు మద్రాసు, బెంగళూరు, బొంబాయిలకు చేరారు. మద్రాసు వుడ్‌లాండ్స్‌తో పేరు మోసిన కె. కృష్ణారావు కూడా హోటల్లో చిన్న పనులతో మొదలుపెట్టినవాడే. కోస్తా పట్టణాల్లో ‘బ్రాహ్మణ కాఫీ హోటల్’ అని బోర్డు కట్టినచోట లోపల ఎవరు వండాలి, ఎవరు ఎక్కడ కూర్చుని తినాలి అన్నది కులమే తేల్చేది. నేటి మాటల్లో చెప్పాలంటే అదే ఆనాటి రిక్రూట్‌మెంట్ పాలసీ.

ఆ వ్యవస్థ లోపల మెట్లు మెట్లుగా ఉండేది. పదేళ్ళ పిల్లాడు ఊరివాడి పూచీమీద వచ్చి గ్లాసులు కడిగేవాడు. తరవాత బల్లలు తుడిచేవాడు, ఆపై మంచినీళ్ళు పెట్టేవాడు. మీసాలు వచ్చేసరికి సర్వర్. ఎనిమిది మంది చెప్పిన ఎనిమిది రకాలు కాగితం లేకుండా గుర్తు పెట్టుకుని, వంటింటి గుమ్మంలో నిలబడి ఒక్క గుక్కలో అరిచి, ఎడమచేతి పొడవునా ప్లేట్లు పేర్చుకుని తిరిగి వచ్చేవాడు. చురుకైనవాడు దోసె పెనం దగ్గరికి చేరి మాస్టర్ అయ్యేవాడు. నమ్మకస్తుడు గల్లాపెట్టె దాకా వెళ్ళేవాడు. ఇంకొందరు బయటికి వచ్చి సొంతంగా మరో హోటల్ పెట్టుకునేవాళ్ళు.

రాత్రి ఆఖరి గిరాకీ వెళ్ళాక అవే బల్లలు కలిపి పడుకోవడం, కోడి కూయకముందే లేచి పొయ్యి ముట్టించడం. మూడు పూటలా తిండి అక్కడే. జీతం చాలాసార్లు నేరుగా తండ్రికే వెళ్ళేది. కూడూ గూడూ యజమానివే అయినప్పుడు పని మానేయడమంటే రోడ్డున పడటమే. పాతకాలం పనివాళ్ళు విశ్వాసంగా పడి ఉండేవారని పెద్ద యజమానులు మురిసిపోతుంటారు. ఆ విశ్వాసంలో సగం ఆ పడకదే.

స్వాతంత్ర్యం వచ్చిన ఏడు, కోస్తా, సీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉండగానే, మద్రాసు దుకాణాలు, సంస్థల చట్టం 1947లో వచ్చి హోటళ్ళలో పనిగంటలకూ వారపు సెలవుకూ లెక్క పెట్టింది. మరుసటి ఏడు కనీస వేతనాల చట్టం. కాగితం మీద అంతా బాగానే ఉంది. పొద్దున్న ఐదు నుంచి పదకొండు, మళ్ళీ సాయంత్రం నాలుగు నుంచి పది అని రోజును రెండు ముక్కలు చేసే ‘బ్రేక్ షిఫ్ట్’ మాత్రం ఈనాటికీ చెక్కుచెదరలేదు. మధ్యలో మిగిలే ఐదు గంటల్లో ఇంటికి వెళ్ళి రాగలిగేవాడు తక్కువ. అవి ఎవరి గంటలో తేలదు.

తర్వాతి దశకంలో ఒక పెద్ద ప్రయోగం జరిగింది. కాఫీ బోర్డు తన కాఫీ హౌస్‌లు మూసేసి పనివాళ్ళను ఇంటికి పంపబోతే, కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ దన్నుతో వాళ్ళే సహకార సంఘాలు కట్టుకుని కాఫీ హౌస్‌లను చేతిలోకి తీసుకున్నారు. 1957 ఆగస్టులో బెంగళూరు, అక్టోబరులో ఢిల్లీ, తర్వాతి ఏడాది కేరళలో త్రిశూరు. కుచ్చు తలపాగాతో కాఫీ తెచ్చిచ్చే మనిషే ఆ హోటల్‌కి వాటాదారు. మన హోటల్ పరిశ్రమ దాన్ని ఒక వింతగా చూసి ఊరుకుంది కానీ దాన్నుంచి నేర్చుకున్నది ఏమీ లేదని నా అభిప్రాయం.

ఇక నక్షత్రాల హోటళ్ళ దారి వేరు. 1903లో బొంబాయి తాజ్ తెరిచినప్పుడు బట్లర్లను ఇంగ్లండు నుంచి రప్పించుకున్నారు. 1922లో సిమ్లా సిసిల్ హోటల్లో యాభై రూపాయల జీతానికి గుమాస్తాగా చేరిన మోహన్ సింగ్ ఓబెరాయ్, 1934లో భార్య నగలు తాకట్టు పెట్టి క్లార్క్స్ హోటల్ కొన్నాడు. పనిలో పడి నేర్చుకున్న ఆ మనిషే 1966లో హోటల్ మేనేజ్‌మెంట్ స్కూలు పెట్టాడు. అంతకుముందే 1954లో లీలావతి మున్షీ పూనికతో బొంబాయిలో కేటరింగ్ కాలేజీ మొదలైంది. అది పుట్టింది తిండిగింజల కొరత రోజుల్లో. అందుకే ఇలాంటి సంస్థలు చాలాకాలం ఆహార శాఖ కింద ఉండి, 1982లో హోటల్ మేనేజ్‌మెంట్ జాతీయ మండలి ఏర్పడ్డాకే పర్యాటక శాఖకు మారాయి. హైదరాబాదు సంస్థ 1972 నాటిది.

దాంతో ఊరివాడి పూచీ స్థానంలో సర్టిఫికెట్ వచ్చింది. అయితే ఆ సర్టిఫికెట్ కోసం చదివే పిల్లలు ట్రైనింగ్ పేరుతో నెలల తరబడి హోటళ్ళలో ఉల్లిపాయలు తరుగుతారు, స్పూన్లకు మెరుగు పెడతారు, బరువైన పరుపులెత్తి దుప్పట్లు మడుస్తారు. చేతికొచ్చేది చిన్న స్టైపెండ్. పెళ్ళిళ్ళ సీజన్లో బాంక్వెట్ హాళ్ళు నడిచేది చాలావరకు ఈ పిల్లల కాళ్ళ మీదే. చదువు అయ్యేలోపే సగం మందికి ఈ వృత్తి మీద మోజు తీరిపోతుంది.

ఆడవాళ్ళ సంగతికొస్తే, ఢిల్లీలో అమలైన 1914 నాటి పంజాబ్ ఎక్సైజ్ చట్టం మద్యం వడ్డించేచోట స్త్రీలను ఉద్యోగంలో పెట్టుకోకూడదంది. ఆడపిల్లలు హోటల్ మేనేజ్‌మెంట్ పట్టాలు పుచ్చుకుని బయటికి వస్తున్నా ఆ సెక్షన్ అలాగే ఉండిపోయింది. 2007 డిసెంబరులో అనూజ్ గర్గ్ కేసులో సుప్రీంకోర్టు అది చెల్లదని తేల్చింది. రక్షణ పేరుతో పని లాక్కోవడం కుదరదని ఆ తీర్పు సారాంశం. పూటకూళ్ళమ్మ నుంచి జారిపోయిన చోటు తిరిగి దక్కడానికి అంతకాలం పట్టింది. ఇప్పటికీ పెద్ద హోటళ్ళ వంటిళ్ళలో ఆడవాళ్ళు అరుదే.

2008 నవంబరులో బొంబాయి మీద జరిగిన ఉగ్రదాడిలో తాజ్ సిబ్బంది అతిథులను విడిచి పారిపోలేదు. కొందరు ప్రాణాలే ఇచ్చారు. ఇంత నిబద్ధత ఎలా వచ్చిందని 2011లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూ వ్యాసమొకటి ఆరా తీసింది. మహానగరాలను వదిలి చిన్న ఊళ్ళ నుంచి పిల్లలను తీసుకోవడం, వాళ్ళ బడి పంతుళ్ళను అడిగి గుణం తెలుసుకోవడం, పద్దెనిమిది నెలల శిక్షణ ఇవ్వడం అందులో చెప్పిన కారణాలు. ఉడిపి యజమాని ఈ మొదటి రెండూ ఏ పత్రికా చదవకుండానే చేశాడు. మూడోదే ఆయన చేయనిది.

ఈలోగా కింది మెట్టు విరిగింది. 2006 అక్టోబరు 10 నుంచి హోటళ్ళలో, ధాబాల్లో పిల్లలను పెట్టుకోవడం నేరమైంది. మన పల్లెల కుర్రాళ్ళు ఇంటర్, డిగ్రీ వైపు నడిచారు. ఆ ఖాళీలోకి ఒడిశా, బెంగాల్, బిహార్, ఈశాన్య రాష్ట్రాల యువకులు వచ్చారు. ఇవాళ హైదరాబాదులో బిర్యానీ వడ్డించేవాడితో హిందీలో మాట్లాడటం మనకు అలవాటైపోయింది. వాళ్ళను తెచ్చేది కాంట్రాక్టరు. తిండీ, ఇరుకు గదిలో పడకా పాత పద్ధతిలోనే జీతంలో భాగం. 2020 మార్చి 25న లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఆ మూడూ ఒకేసారి పోయాయి. రోడ్డుపట్టి ఊరు చేరినవాళ్ళలో చాలామంది తిరిగి రాలేదు.

మనుషులు దొరకడం లేదని హోటళ్ళవాళ్ళ గోడు ఆనాటి నుంచి గట్టిగా వినిపిస్తోంది. కేటరింగ్ పట్టా ఉన్న తెలుగు పిల్లలు ఓడల మీదికీ, గల్ఫ్‌కీ వెళుతున్నారు. వెళ్ళలేనివాళ్ళు కార్పొరేట్ ఆసుపత్రుల్లో, మాల్స్‌లో, ఐటీ ఆఫీసుల నిర్వహణలో చేరుతున్నారు. నవ్వుతూ పలకరించడం, గదులు శుభ్రంగా ఉంచడం, ఫిర్యాదు వింటే నొచ్చుకోకపోవడం అక్కడా అవే పనులు. కాకపోతే చాలాచోట్ల షిఫ్టు ఒకే ముక్కగా ఉంటుంది, పండగపూట ఇంటి భోజనం తినొచ్చు.