భూమ్యాకర్షణ కొలతలు: లోలకము నుండి ఉపగ్రహము వరకు

జంషెడ్‌పూరులోని గోల్‌మురి పేరు వినగానే తగరపు పూత రేకులు స్ఫురించును. 1920లో స్థాపితమైన టిన్‌ప్లేటు కంపెనీ తన కర్మాగారమును ఇచ్చటనే నెలకొల్పినది. ఉక్కు పరిశ్రమను ఆశ్రయించి ఈ నగరమునకు తరలివచ్చిన తెలుగువారు పలువురు గోల్‌మురి పరిసరములలో స్థిరపడిరి. లోహమును తూచి లెక్కకట్టుట ఇట్టి చోట నిత్యకృత్యము. అయినను ఒక చిన్న విశేషము పలువురి దృష్టికి వచ్చియుండదు. కాకినాడలో సరిచూచిన స్ప్రింగు త్రాసును గోల్‌మురికి తెచ్చి టన్ను లోహమును వ్రేలాడదీసినచో, అది సుమారు 300 గ్రాములు ఎక్కువ చూపును.

లోహము పెరిగినది కాదు. దానిని లాగు భూమి బలము పెరిగినది. భూమి మధ్యరేఖ వద్ద కొంత ఉబ్బి, ధ్రువముల వద్ద అణగి, తన చుట్టు తాను తిరుగుచుండుటచే, ఉత్తరమునకు పోయినకొలది ఆకర్షణ హెచ్చును. రెండు తట్టల త్రాసులో ఈ భేదము కానరాదు. తూనికరాళ్లు కూడ అంతే బరువెక్కును గదా!

ఇంతవరకు గణితము ముందే చెప్పగలదు. లెక్కకు లొంగక మిగిలిపోయిన స్వల్పభేదములే భూగర్భ రహస్యములను తెలిపినవి. ఆ చరిత్రలో తెలుగునేలకును చోటు కలదు.

1802లో విలియం లాంబ్టన్ మద్రాసు వద్ద ఆరంభించిన మహాత్రికోణమితీయ సర్వేను, 1823లో ఆయన మరణించిన పిదప జార్జి ఎవరెస్టు ముందుకు సాగించెను. బీదరు చేరువనున్న దామరగిద్ద, మధ్యభారతమున కల్యాణ్‌పూరు, హిమాలయముల దిక్కున కలియానా అను మూడు స్థానములు ఆయన కొలిచిన రేఖకు మూలస్తంభములు. వీనిలో ఉత్తరపు రెండు స్థానముల నడుమ, నక్షత్రములను చూచి కట్టిన లెక్కకును, నేలమీది కొలతకును 5.24 సెకన్ల కోణభేదము వచ్చినది. నేలపై అది సుమారు 160 మీటర్లు మాత్రమే. వందలాది మైళ్ల కొలతలో అంతటి తేడాను సర్దివేయుట కష్టము కాదు. కాని అది సర్దుబాటుతో ముగియలేదు.

కలకత్తా ఆర్చిడీకన్ జాన్ ప్రాట్ ఆ తేడాకు హిమాలయముల ఆకర్షణ కారణమని తలచెను. పర్వతరాశి మట్టపుగుండును ప్రక్కకు లాగుచున్నదని ఆయన భావము. లెక్క వేయగా తేడా దాదాపు 15.9 సెకన్లు ఉండవలెనని తేలినది. అనగా పర్వతములు తమ పరిమాణమునకు తగినంత బలముతో లాగుటలేదు. దీనికి 1855లో జార్జి ఎయిరీ చెప్పిన సమాధానము ప్రసిద్ధమైనది: నీటిపై తేలు దుంగవలె, పర్వతములకు క్రింద తేలికైన శిలలతో కూడిన లోతైన వేళ్లు కలవు.

దీనిని పరీక్షింపవలెనన్న ఆకర్షణనే చోటుచోటున కొలువవలెను. అందుకు సాధనము లోలకము. ఆకర్షణ హెచ్చిన చోట అది వేగముగా ఊగును. పైన చెప్పిన కాకినాడ, గోల్‌మురుల భేదమే లోలకమును దినమునకు పది సెకన్లకు పైగా ముందుకు నడపును. 1865లో కెప్టెన్ బసేవి రాయల్ సొసైటీ లోలకములతో ఈ పనికి పూనుకొనెను. అవి ఊగిన స్థానములలో దామరగిద్ద, కొడంగల్, కాకినాడ కూడ కలవు. సముద్రతీరమున ఆకర్షణ కొంత ఎక్కువగాను, దేశమధ్యమున తక్కువగాను కనబడినది. 1871 జూలైలో, 15 వేల అడుగులకు పైబడిన లడఖు పీఠభూమిలో కొలతలు తీయుచునే బసేవి కన్నుమూసెను. ఆయన చివరి కొలతలు హిమాలయముల క్రింది లోటును ధ్రువపరచినవి. మిగిలిన పనిని హెవిసైడ్ ముగించెను.

ఒక మనిషి ఊరూర లోలకమును మోసి కొలిచిన దానిని నేడు ఉపగ్రహములు ఆకాశమునుండి కొలుచుచున్నవి. ఇందు ముఖ్యసాధనము త్వరణమాపకము. చిన్న లోహపు దిమ్మను గోడలకు తగులకుండ విద్యుద్బలముతో నడుమ నిలుపుదురు. నిలుపుటకు కావలసిన బలమే కొలత. అయితే ఉపగ్రహమును, లోపలి దిమ్మయు ఒకే తీరున భూమివైపు పడుచుండును గనుక, ఆకర్షణ ఆ పరికరమునకు తెలియదు. పలుచని గాలి రాపిడి, సూర్యకాంతి త్రోపుడు మాత్రమే తెలియును. ఆ లోపమే ప్రయోజనమైనది. 2002లో అమెరికా, జర్మనీలు పంపిన గ్రేస్ జంట ఉపగ్రహములు సుమారు 220 కిలోమీటర్ల ఎడముతో తిరుగుచు, ఆ ఎడములోని మార్పును తలవెండ్రుక మందముకంటె సూక్ష్మముగా కొలిచినవి. అందుండి త్వరణమాపకము చూపిన రాపిడిని తీసివేయగా మిగిలినది ఆకర్షణ వలని మార్పు. 2009లో ఐరోపా పంపిన గోస్ మరియొక మార్గము త్రొక్కినది. అర మీటరు ఎడముగల మూడు జతల త్వరణమాపకముల నడుమ భేదమును చూచి, ఆకర్షణ చోటుచోటునకు మారు తీరును కనుగొన్నది.

ఈ కొలతలు పండితుల వినోదమునకు మాత్రమే కావు. నీటికిని బరువు కలదు. భూగర్భజలము తరిగిన చోట ఆకర్షణయు తరుగును. 2009లో రోడెల్, వెలికోన్యా, ఫామిలియెట్టి అను శాస్త్రజ్ఞులు గ్రేస్ కొలతలనుండి ఒక లెక్క తీసిరి. 2002 ఆగస్టు నుండి 2008 అక్టోబరు వరకు రాజస్థాన్, పంజాబు, ఢిల్లీతో కూడిన హర్యానాలలో 109 ఘన కిలోమీటర్ల భూగర్భజలము తరిగిపోయినది. నాగార్జునసాగరమును కట్టిననాటి నిలువతో పోల్చిన, అది తొమ్మిది సాగరములకు మించిన నీరు. ఆ కాలమున వానలు ఇంచుమించు సామాన్యముగనే కురిసినందున, లోటునకు బోరుబావులే కారణమని వారు తేల్చిరి. గ్రేస్ 2017లో విరమింపగా, ఆ పనిని సాగించుటకు 2018 మే 22న మరియొక జంటను ప్రయోగించిరి.

నాడు 5.24 సెకన్ల తేడాను ఉపేక్షింపనందున పర్వతముల వేళ్లు తెలిసినవి. నేడు వెండ్రుకంత తేడాను లక్ష్యపెట్టినందున నేలక్రింది నీటిపద్దు తెలిసినది. చిట్టాలో తేలని స్వల్పమొత్తమును వెదకువాడే అసలు లోటును కనిపెట్టును. కనిపెట్టుట శాస్త్రజ్ఞుల వంతు. ఆ లోటును పూడ్చుట నీరు త్రాగు ప్రతివాని వంతు.