కీర్తనల గ్రంథము: కవిత్వమా, ప్రార్థనయా?

బైబిలును సరిగా నడుమకు విప్పినచో సాధారణముగా కీర్తనల గ్రంథమే మన కంటబడును. 150 కీర్తనలు గల ఈ సంపుటము యూదుల ఆరాధనలో పెరిగి, క్రైస్తవుల నిత్యప్రార్థనగా నిలిచినది. దీనిని కవిత్వముగా చదువవలెనా, ప్రార్థనగా చదువవలెనా? ఒక చదువు లేక రెండవది కొరవడునని దీని చరిత్రయే మనకు తెలుపుచున్నది.

ఇవి ఒక్కచేతి రచనలు కావు. సంప్రదాయము దావీదు రాజును ముఖ్యకర్తగా చెప్పును. శీర్షికలలో ఆసాపు, కోరహు కుమారులు మున్నగువారి పేర్లును గలవు. క్రీ. పూ. 6వ శతాబ్దిలో యెరూషలేము కూలినపుడు బబులోనునకు చెరగొనిపోబడినవారి దుఃఖము 137వ కీర్తనలో వినబడును. కావున దావీదునకు శతాబ్దుల తరువాతి గీతములును ఇందు చేరినవి.

మన పద్యమునకు గణములు, యతిప్రాసలు కట్టుబాట్లు. హీబ్రూ పద్యమునకు ప్రాసనియమము లేదు. దాని నడక భావమునందున్నది. ఒక పాదము పలికిన భావమును రెండవ పాదము వేరు మాటలతో మరల పలుకును, లేదా దానికెదురుగా మరియొక భావమును నిలుపును, లేదా దానినే ఒక మెట్టు పైకి కొనిపోవును. ఆక్స్‌ఫర్డులో కవిత్వాచార్యుడుగా నుండిన రాబర్టు లౌత్, 1753లో ప్రకటించిన లాటిను ఉపన్యాసములలో ఈ మర్మమును విశదీకరించెను. శబ్దము నాశ్రయించిన సొగసు భాష మారినచో నశించును. భావము నాశ్రయించినది నిలుచును. 119వ కీర్తనలో 22 హీబ్రూ అక్షరములకు, అక్షరమునకు 8 చొప్పున, 176 వచనములు గలవు. ఆ అక్షరక్రమపు అందము తెలుగు వచనములో మనకు కానరాదు. జంటపాదముల తూకము మాత్రము చెడక వచ్చినది.

ఇక ప్రార్థన సంగతి. యేసు సిలువపై 22వ కీర్తన తొలిమాటలనే పలికెనని మత్తయి, మార్కు సువార్తలు చెప్పుచున్నవి. 6వ శతాబ్దిలో బెనెడిక్టు తన మఠనియమావళిలో 150 కీర్తనలను వారమునకొకమారు పూర్తిచేయవలెనని విధించెను. ఇంగ్లండులో 1611లో కొత్త బైబిలు అనువాదము వెలువడినను, 1662 నాటి ప్రార్థనగ్రంథము మాత్రము 16వ శతాబ్దివాడగు కవర్‌డేలు కీర్తనలనే నిలుపుకొన్నది. నోటికలవడిన పాటను మార్చుట సులభము కాదు గదా!

అయినను భక్తునకు గొంతు దిగని మాటలు ఇందు కొన్ని గలవు. 137వ కీర్తన కన్నీటితో మొదలై, శత్రువుల పసిబిడ్డల చావును కోరుటతో ముగియును. ఆంగ్లరచయిత సి. ఎస్. లూయిస్ 1958లో వ్రాసిన గ్రంథమున కీర్తనలను కవితలుగా చదువవలెననియు, ఈ శాపములు హింసింపబడినవాని మనస్సులో ద్వేషమెట్లు పుట్టునో చూపుననియు వివరించెను. 1971లో కాథలిక్కుల నిత్యప్రార్థన గ్రంథము సవరింపబడినపుడు, హీబ్రూ లెక్కలో 58, 83, 109 సంఖ్యలు గల కీర్తనలు పూర్తిగా విడువబడినవి. మరికొన్నిట కఠోరవచనములు తీసివేయబడినవి. సభలో పలుకువారి సంకోచము మనకు తెలియనిది కాదు. కాని ఆ మాటలను కవితగా చదివినపుడు అవి మనకు విధించిన ఆజ్ఞలు కావని, గాయపడినవాని కేకలని గ్రహింతుము. ప్రార్థనగా చదివినపుడు ఆ కోపము కత్తి పట్టక దేవుని యెదుట మొరయై నిలిచినదని గ్రహింతుము. ఈ రెండును కలిసినగాని అర్థము పూర్తి కాదు.

హీబ్రూలో ఈ గ్రంథమునకు తెహిల్లీమ్, అనగా స్తుతులు, అని పేరు. విప్పి చూచినచో విలాపములే హెచ్చు. వానిలో పెక్కు చివరకు స్తుతివైపు మరలును. 88వ కీర్తన మాత్రము చీకటిలోనే ముగియును. దానిని సయితము స్తుతుల నడుమనే కూర్చిన ఆ పూర్వులు, దుఃఖితుని మొరయు ఆరాధనయేయని మనకు తెలిపిరి.