డాక్యుమెంటరీ చిత్రాలు: పక్షపాతం, యథార్థం

రాజకీయ వివాదంతో ముడిపడిన డాక్యుమెంటరీ చిత్రం వెలువడినప్పుడల్లా దానిపై వచ్చే మొదటి అభియోగం అది ఏకపక్షంగా ఉందని. అందులో చెప్పినది అబద్ధమనే అభియోగం అంత తరచుగా రాదు. వచ్చినా ఫలానా దృశ్యంలో, ఫలానా వాక్యంలో అని వేలుపెట్టి చూపడం అరుదు. ఈ రెండు అభియోగాలూ ఒకటి కావు. ఒక పక్షం వహించిన చిత్రంలో ప్రతి వాక్యమూ నిజం కావచ్చు. ఇరుపక్షాలకూ నిమిషాలు లెక్కగట్టి పంచిన చిత్రంలో తేదీలు తారుమారు కావచ్చు, ఒక ఊరి దృశ్యం మరొక ఊరిదిగా చలామణి కావచ్చు. మన దేశంలో ఈ భేదాన్ని అధికార పత్రాల స్థాయిలో స్పష్టపరిచిన సందర్భాల్లో ముఖ్యమైనది 1992 నాటి సుప్రీంకోర్టు తీర్పు. దానికి మూలం భోపాల్ దుర్ఘటనపై వచ్చిన ఒక చిత్రం.

1984 డిసెంబరు 2, 3 తేదీల నడిమి రాత్రి భోపాల్‌లోని యూనియన్ కార్బైడ్ ఇండియా కర్మాగారంలో 610వ నంబరు ట్యాంకులోకి నీరు చేరింది. రసాయన చర్య చెలరేగి, సుమారు 40 టన్నుల మిథైల్ ఐసోసయనేట్ వాయువు నిద్రలో ఉన్న బస్తీల మీదికి వ్యాపించింది. ఈ ఘటనపై తపన్ బోస్, సుహాసినీ మూలే, సలీం షేక్ రూపొందించిన 'భోపాల్: బియాండ్ జెనోసైడ్' 1987 సంవత్సరానికి ఉత్తమ కథేతర చిత్రంగా స్వర్ణ కమలం అందుకుంది. సెన్సారు బోర్డు దానికి అందరూ చూడదగినదంటూ 'యు' ధ్రువపత్రం ఇచ్చింది. స్వర్ణ కమలం పొందిన చిత్రాలను ప్రసారం చేయడం ఆనాటి దూరదర్శన్ విధానం. ఈ చిత్రం విషయంలో మాత్రం నిరాకరణ ఎదురైంది. చూపిన కారణాలు ఒకటి కాదు. చిత్రానికి కాలం చెల్లిందన్నారు. నిగ్రహం, మితం లోపించాయన్నారు. న్యాయంగా, సమతూకంగా లేదన్నారు. రాజకీయ పక్షాలు ఈ దుర్ఘటనపై పలు ప్రశ్నలు లేవనెత్తుతున్నాయనీ, నష్టపరిహార వ్యవహారం న్యాయస్థానంలో ఉందనీ, వేడెక్కిన వాతావరణంలో అలజడి రేగవచ్చనీ కూడా అన్నారు.

ఈ కారణాల పట్టికలో లేనిది ఒకటుంది. చిత్రంలో ఫలానా విషయం అసత్యమని అందులో ఎక్కడా లేదు.

ఢిల్లీ హైకోర్టు నిర్మాతల పక్షాన తీర్పు చెప్పగా కేంద్రం సుప్రీంకోర్టుకు అప్పీలు చేసుకుంది. 1992 జూలైలో ధర్మాసనం తరఫున జస్టిస్ ఎ.ఎం. అహ్మదీ వెలువరించిన తీర్పు ఆ అప్పీలును తోసిపుచ్చింది. మితం ఎక్కడ తప్పిందో, సమతూకం ఏ అంశంలో లోపించిందో దూరదర్శన్ చెప్పలేదన్నది అందులోని ప్రధానాంశం. నిపుణుల సంఘం దేశంలోకెల్లా ఉత్తమమని ఎంపిక చేసిన చిత్రాన్ని కాదనేటప్పుడు, ఎందుకు కాదంటున్నారో రుజువు చేయవలసిన భారం కాదన్న వారిదే. రాష్ట్ర ప్రభుత్వాన్ని విమర్శించిందన్నది అందుకు చాలిన కారణం కాదు. దస్త్రాలతో పరిచయం ఉన్నవారు ఈ వాదంలోని పదును వెంటనే గ్రహిస్తారు. 'సమతూకం లేదు' అని దస్త్రం మీద రాయడానికి అరనిమిషం చాలు. ఏ నిమిషంలో, ఏ మాటలో లేదో రాయాలంటే చిత్రం చూడాలి.

అదే తీర్పులో కోర్టు మరొక వివాదాన్ని కూడా పరిష్కరించింది. వినియోగదారుల హక్కుల కోసం పనిచేసిన మనూభాయ్ షా జీవిత బీమా సంస్థ పాలసీదారులకు చేస్తున్న నష్టంపై ఒక అధ్యయన పత్రం ప్రచురించారు. దానిని ఖండిస్తూ సంస్థ అధికారి 'ది హిందూ' పత్రికలో వ్యాసం రాయగా, షా సమాధానాన్ని కూడా ఆ పత్రిక ప్రచురించింది. సంస్థ తన సొంత పత్రిక 'యోగక్షేమ'లో తమ అధికారి వ్యాసం వేసుకుని, షా సమాధానానికి మాత్రం చోటివ్వలేదు. సమాధానం ప్రచురించవలసిందేనని తీర్పు వచ్చింది. బీమా పాలసీలకూ విషవాయువుకూ ఏమి సంబంధమని తొలి చూపులో తోస్తుంది గాని, రెండింటినీ కలిపి చదివితేనే తీర్పు తాత్పర్యం పూర్తిగా తెలుస్తుంది. ప్రజాధనంతో నడిచే వేదిక మీద ఒక పక్షం మాట్లాడితే, దానికి మందు ఆ పక్షం నోరు మూయడం కాదు, రెండో పక్షానికి చోటివ్వడం. సమతూకం అనేది వేదిక పాటించవలసిన ధర్మం. ఒక్కొక్క రచనలో, ఒక్కొక్క చిత్రంలో దానిని వెదకడం వేరు సంగతి.

ఎందుకు వేరో భోపాల్ ఉదంతమే చెబుతుంది. కర్మాగారంలో ఒక అసంతృప్త కార్మికుడు కావాలని ట్యాంకులోకి నీరు పంపాడని అమెరికన్ మాతృసంస్థ వాదించింది. దానికి ఆధారంగా తాను నియమించుకున్న ఆర్థర్ డి. లిటిల్ సంస్థ 1988లో ఇచ్చిన నివేదికను చూపింది. ఆ కార్మికుడి పేరు మాత్రం బయటపెట్టలేదు. 2010 జూన్ 7న భోపాల్ న్యాయస్థానం భారతీయ కంపెనీ అధికారులను నిర్లక్ష్యం వల్ల మరణాలకు కారకులైన నేరానికి దోషులుగా నిర్ణయించింది. 1988లోనో 1989లోనో ఎవరైనా సమతూకం కోసం విద్రోహ వాదానికి సగం కాలం, నిర్లక్ష్య వాదానికి సగం కాలం కేటాయించి చిత్రం తీసి ఉంటే దాన్ని ఎవరూ ఏకపక్షమనేవారు కారు. సత్యానికి మాత్రం అది దూరంగానే ఉండేది.

కాలం చెల్లిందన్న ఆక్షేపణ కూడా చరిత్ర విద్యార్థికి ఆసక్తికరమే. మొదట్లో అధికారికంగా ప్రకటించిన మృతుల సంఖ్య 2,259. తరువాత మధ్యప్రదేశ్ ప్రభుత్వం 3,787 మరణాలను ధ్రువీకరించింది. 2010లో కేంద్రం సుప్రీంకోర్టులో వేసిన క్యూరేటివ్ పిటిషన్‌లో ఆ సంఖ్య 5,295గా ఉంది. బాధితుల సంఘాల లెక్క ఎప్పుడూ వీటన్నిటికంటే ఎక్కువే. 1989 ఫిబ్రవరిలో 47 కోట్ల డాలర్లకు కుదిరిన పరిష్కారం ఏ సంఖ్య ఆధారంగా జరిగిందన్నది, ఆ పిటిషన్‌ను కోర్టు 2023 మార్చిలో కొట్టివేసేవరకు సాగిన వాదం. 1987 నాటి చిత్రంలోని సంఖ్య 2010 నాటి సంఖ్యతో సరిపోకపోవడం దోషం కాదు. ఆనాడు ఎవరికి ఏమి తెలుసు, ఎవరు ఎంత లెక్క చెబుతున్నారు అన్న సంగతికి ఆ చిత్రమే సాక్ష్యం. సాక్ష్యానికి కాలం చెల్లదు.

ఇంతకూ 'సమతూకం' అనే కొలబద్ద పట్టుకున్న ప్రభుత్వ మాధ్యమాలు తమ చిత్రాలను దానితో కొలుచుకున్నాయా? యుద్ధకాలంలో 1943లో వలస ప్రభుత్వం నెలకొల్పిన 'ఇన్ఫర్మేషన్ ఫిల్మ్స్ ఆఫ్ ఇండియా' యుద్ధ ప్రచారం కోసమే పుట్టింది. 1946లో దాన్ని మూసివేయడంతో, 1947 ఆగస్టులో అధికార మార్పిడి జరుగుతున్నప్పుడు చిత్రీకరించడానికి ప్రభుత్వానికి సొంత చిత్ర విభాగమే లేకపోయింది. 1948లో ఫిల్మ్స్ డివిజన్ ఏర్పడింది. అది తీసిన చిత్రాలను తెలుగుతో సహా పలు భాషల్లోకి మార్చి, ప్రతి సినిమా హాలులోనూ అసలు సినిమాకు ముందు తప్పనిసరిగా చూపించేవారు. అందుకు హాలు యజమాని అద్దె కూడా చెల్లించాలి. మన ప్రాంతాల్లో సినిమాకు ఆలస్యమైనా 'న్యూస్‌రీలే కదా పోయింది' అనుకునే అలవాటు ఆ రోజుల నాటిదే. ఆనకట్టలూ ఉక్కు కర్మాగారాలూ గంభీరమైన వ్యాఖ్యాత గొంతుతో సాగిన ఆ చిత్రాల్లో అసత్యాలు వెదకడం వృథా ప్రయాస. ఆనకట్ట పొడవు, ఖర్చు, సాగు విస్తీర్ణం సాధారణంగా శాఖల లెక్కలే. లేనిదల్లా ఆ నీటిలో మునిగిన గ్రామస్థుల గొంతు. దాన్ని ఆనాడు ఎవరూ పక్షపాతమనలేదు.

1960ల మధ్యలో యునెస్కో నుంచి జీన్ భౌనగరి ముఖ్య సలహాదారుగా వచ్చాక ఈ ఒరవడి కొంత మారింది. 1947 ఆగస్టు 15న పుట్టి ఇరవై ఏళ్లు నిండిన యువతీయువకులను దేశమంతటా కలిసి ఎస్.ఎన్.ఎస్. శాస్త్రి తీసిన 'ఐ యామ్ 20' (1967) ఇప్పటికీ చూడదగ్గది. అందులో వ్యాఖ్యాత పెత్తనం లేదు. ఆశ పెట్టుకున్నవారూ మాట్లాడతారు, విసిగిపోయినవారూ మాట్లాడతారు. ఆ వెసులుబాటు ఎంతోకాలం నిలవలేదు.

పక్షపాతం పట్టించుకోనక్కర లేదని దీనివల్ల అనుకోరాదు. యథార్థాలతోనే ఎంత అన్యాయం చేయవచ్చో అత్యవసర పరిస్థితి కాలం చూపించింది. 1972లో బంగ్లాదేశ్ విముక్తిపై 'నైన్ మంత్స్ టు ఫ్రీడమ్' తీసిన సుఖ్‌దేవ్, 1976లో ఎమర్జెన్సీని సమర్థిస్తూ 'థండర్ ఆఫ్ ఫ్రీడమ్' తీశారు. ప్రతిభలో ఆయనకు సాటివచ్చేవారు ఆనాడు కొద్దిమందే. రైళ్లు వేళకు నడుస్తున్నాయి, కార్యాలయాలకు సిబ్బంది వేళకు వస్తున్నారు అన్నది ఆ రోజుల ప్రచారంలో పల్లవి. ఆ మాట చాలాచోట్ల నిజమే కావచ్చు. అదే కాలంలో మీసా కింద, భారత రక్షణ నిబంధనల కింద నిర్బంధితులైనవారు 1,10,806 మంది అని తరువాత షా కమిషన్ లెక్క తేల్చింది. ఆ సంఖ్యకు చోటు లేని చిత్రణ, ఒక్క అబద్ధమూ లేకుండానే, ఆ కాలాన్ని తప్పుగా చూపుతుంది. మరోవైపు జయప్రకాశ్ నారాయణ్ నాయకత్వంలోని బీహారు ఉద్యమంపై ఆనంద్ పట్వర్ధన్ తీసిన 'క్రాంతి కీ తరంగేఁ' దాచిదాచి చూపించవలసి వచ్చింది, దేశం దాటించవలసి వచ్చింది. అదీ ఏకపక్షమే, ఉద్యమంలో ఉన్నవారి పక్షం. చరిత్రకారుడికి ఈ రెండూ కావాలి. వ్యత్యాసం ఏమిటంటే ఒకదానికి రాజ్యం అండ ఉంది, రెండోదానికి వేదికే లేదు. పక్షపాతం గురించి మాట్లాడేటప్పుడు ఈ అంగబల భేదాన్ని విస్మరించడం నాకు న్యాయంగా తోచదు.

విదేశీయులు తీసిన చిత్రాల విషయంలో మన సహనం మరీ పలుచన. ఫ్రెంచి దర్శకుడు లూయీ మాల్ ఇక్కడ తీసిన ఏడు భాగాల చిత్రమాలికను బీబీసీ ప్రసారం చేసినందుకు 1970లో ఆ సంస్థ ఢిల్లీ కార్యాలయాన్ని మూయించారు. 1972 వరకు తిరిగి తెరవనివ్వలేదు. మురికివాడలూ ఆకలీ అతిగా చూపాడన్న ఆక్షేపణలో కొంత బలం లేకపోలేదు. ఆయన దృష్టి వాటి మీదికి పదేపదే పోయింది. కాని మొదటి భాగానికి 'అసాధ్యమైన కెమెరా' అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నది ఆ దర్శకుడే. తాను పరాయివాడిననీ, కెమెరాతో చొరబడుతున్నాననీ చిత్రంలోనే ఒప్పుకున్నాడు. తన పక్షపాతాన్ని తానే ప్రకటించుకున్న సాక్షి, నిష్పాక్షికతను నటించే సాక్షి కంటే పనికివస్తాడు. అంతకు రెండేళ్ల ముందు, 1968లో, మన ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ నాలుగు మహానగరాల్లో సంపన్నుల విలాసాన్నీ పేదల బతుకునూ పక్కపక్కన పెట్టి తీసిన లఘుచిత్రానికి కూడా కోతలు తప్పలేదు. బొంబాయి వేశ్యావాటిక దృశ్యాలు తీసేయమన్నారు. ఆ వివాదంలో 1970లో సుప్రీంకోర్టు సెన్సారు విధానాన్ని రాజ్యాంగబద్ధమేనని సమర్థించింది, నిబంధనలు మరింత స్పష్టంగా ఉండాలని కూడా చెప్పింది. పట్వర్ధన్ 'ఫాదర్, సన్ అండ్ హోలీ వార్' ప్రసారంపై 2006లో వచ్చిన తీర్పు నాటికి కోర్టు దృష్టి మరింత విశాలమైంది. చిత్రాన్ని ముక్కలుగా విడదీసి కాక మొత్తంగా, సగటు మనిషి కంటితో చూడాలన్నది ఆ తీర్పు సారం.

అయితే యథార్థ పరీక్ష చేయాలంటే సాధనాలు కావాలి. రాతపత్రానికి తేదీ, సంతకం, ముద్ర ఉంటాయి. చిత్రఖండానికి అవేవీ ఉండవు. ఎ.కె. చెట్టియార్ దేశదేశాలు తిరిగి, అనేకమంది ఛాయాగ్రాహకులు తీసిన దాదాపు 50,000 అడుగుల ఫిల్ము సేకరించి గాంధీజీపై రూపొందించిన డాక్యుమెంటరీ 1940లో తమిళంలోనూ, తరువాత తెలుగులోనూ విడుదలైంది. ఒక్కొక్క ముక్క ఎవరు తీశారో, ఎక్కడ తీశారో ఆయనకు తెలుసు. ఆ ముక్కలు తరువాత ఇతరుల చిత్రాల్లోకి వెళ్లేసరికి ఆ వివరం వెంట వెళ్లదు. ఒక సభలోని జనసమూహం మరో సభలో చప్పట్లు కొడుతుంది. వార్తాచిత్రాల ఛాయాగ్రాహకులు రీలుతో పాటు తేదీ, స్థలం, దృశ్యంలోని వ్యక్తుల పేర్లు రాసిన కాగితం పంపేవారు. పరిశ్రమలో దానిని 'డోప్ షీట్' అనేవారు. 2022లో ఫిల్మ్స్ డివిజన్ జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో విలీనమైనప్పుడు ఎనిమిది వేలకు పైగా చిత్రాల వారసత్వం చేతులు మారింది. ఫిల్మును అంకరూపంలోకి మార్చే పనికి ఇచ్చే ప్రాధాన్యం ఆ కాగితాలకు కూడా ఇవ్వాలి. రేపు ఎవరైనా ఒక దృశ్యాన్ని చూపి ఇది ఫలానా ఏడు, ఫలానా ఊరు అంటే, అవునో కాదో తేల్చి చెప్పగలిగేది ఆ కాగితమే.