ఏలికపాము పుట్టుక తెలిసేదాకా

మనిషి పేగుల్లో బతికే జీవుల్లో ఏలికపాము దాక్కునే రకం కాదు. జానెడుకు పైగా పొడవు, పెన్సిలంత లావు. మలంలో పడుతుంది, ఒక్కోసారి వాంతిలో వస్తుంది, పసిపిల్లల ముక్కులోంచి బయటపడిన సందర్భాలూ ఉన్నాయి. మలేరియా క్రిమిని చూడాలంటే సూక్ష్మదర్శిని కావాలి. దీన్ని చూడటానికి కళ్లుంటే చాలు. అయినా అది కడుపులోకి ఎలా వస్తుందో, వచ్చాక ఏ దారిన తిరుగుతుందో పూర్తిగా తేలింది 1922లోనే.

పాత వైద్యులు దీన్ని చూడక కాదు. క్రీ.పూ. 1550 ప్రాంతపు ఈజిప్టు వైద్యగ్రంథం ఎబర్స్ పాపిరస్‌లో పేగు పురుగులకు మందులున్నాయి. గ్రీకులు గుండ్రటి పురుగునీ బద్దెపురుగునీ సన్నటి నులిపురుగునీ విడివిడిగా గుర్తుపట్టారు. మన చరక సంహిత విమానస్థానం ఏడో అధ్యాయంలో క్రిములు ఇరవై రకాలని చెప్పి, చికిత్సకు మూడు మెట్లు పెట్టింది: ఉన్న పురుగును బయటికి లాగెయ్యడం, అవి పుట్టే పరిస్థితిని చెడగొట్టడం, కారణానికి దూరంగా ఉండటం. వరస చూస్తే ఈనాటి ప్రజారోగ్య ప్రణాళికలా ఉంటుంది. చిక్కల్లా కారణం దగ్గరే వచ్చింది. పాలు, బెల్లం, నువ్వులు, చేపలు, పిండివంటలు అతిగా తింటే కఫజ క్రిములు పుడతాయన్నది ఆ గ్రంథం. బెల్లం తింటే కడుపులో పురుగులు పడతాయని పిల్లల చేతిలో ముక్క లాక్కునే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల మాటకు రెండు వేల ఏళ్ల వంశవృక్షం ఉందన్నమాట.

మొదటి మెట్టుకు మాత్రం ఏ కాలంలోనూ కొరత లేదు. ఇక్కడ వాయువిడంగాలు, మోదుగ గింజలు, ఆ పైన విరేచనానికి ఆముదం. యూరప్‌లో మాచిపత్రి జాతి మొక్క ఎండు మొగ్గలు. ఆ మొగ్గల నుంచి 1830లో శాంటోనిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. పురుగును పడగొట్టేది గానీ, మోతాదు మించితే రోగికి లోకమంతా పసుపు పచ్చగా కనిపించేది. ఇంకా మించితే ప్రాణానికే ముప్పు.

పుట్టుక గురించిన తగువు మాత్రం తెగలేదు. వానపామే కడుపులో చేరి ఇలా మారుతుందేమోనన్న అనుమానం చాలామందికి ఉండేది. లండన్ వైద్యుడు ఎడ్వర్డ్ టైసన్ 1683లో పురుగును కోసి చూసి, ఇందులో ఆడ, మగ వేరువేరుగా ఉన్నాయనీ వానపాము నిర్మాణం అలాంటిది కాదనీ చూపించాడు. మరుసటి ఏడాది ఇటలీలో ఫ్రాంచెస్కో రెడీ కూడా దాని అంతర్భాగాలను వర్ణించాడు. ఆడ, మగ ఉన్నాయి, గుడ్లున్నాయి. అవి తమంతట తాము పుట్టేవి కావని అప్పుడే తేలాల్సింది. కానీ మరో వందేళ్లు దాటాక కూడా, పరాన్నజీవుల శాస్త్రానికి పునాది వేసిన రుడాల్ఫీ అంతటివాడు ఇవి పేగుల్లోనే స్వయంగా పుడతాయని నమ్మాడు. ఆ వాదాన్ని ఇప్పుడు వెక్కిరించడం తేలికే. శరీరం బయట ఎక్కడా కనిపించని పురుగు లోపలే పుట్టిందనుకోవడంలో ఒక తర్కం ఉంది. వాళ్లకు కనిపించకుండా పోయింది మట్టిలోని గుడ్డు.

దాన్ని పట్టుకున్నవాడు ఫ్రాన్స్‌కు చెందిన కాజిమీర్ దవేన్. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో అతను గుడ్లను నీళ్లలో ఉంచి ఏళ్ల తరబడి గమనించాడు. మలంతో పడిన గుడ్డు వెంటనే అంటుకోదు, అందులో పిల్ల తయారవడానికి బయట కొన్నాళ్లు పట్టాలి, తయారయ్యాక అది చాలాకాలం చావదు. 1879లో ఇటలీలో గ్రాస్సీ, తర్వాత మలేరియా పరిశోధనతో పేరుపొందినవాడే, ఒక శవపరీక్షలో దొరికిన గుడ్లను నిలవచేసి తనే మింగాడు. కొద్ది వారాలకే తన మలంలో గుడ్లు చూశానన్నాడు. పురుగు పెరిగి గుడ్లు పెట్టడానికి రెండు నెలలకు పైగా పడుతుందని తర్వాత తెలిశాక, ఆ ఫలితాన్ని చాలామంది అనుమానించారు.

అసలు మలుపు 1916లో హాంకాంగ్‌లో వచ్చింది. అక్కడి బ్రిటిష్ వైద్యాధికారి స్టీవర్ట్ ఎలుకలకు గుడ్లు తినిపిస్తే అవి న్యుమోనియాతో జబ్బుపడ్డాయి. కోసి చూస్తే పిల్లపురుగులు కాలేయంలో, ఊపిరితిత్తుల్లో ఉన్నాయి. పేగు పురుగుకు ఊపిరితిత్తుల్లో ఏం పని? ఎలుక మధ్యవర్తి కాబోలనుకున్నాడు స్టీవర్ట్. కాదని తేల్చినవాడు జపాన్ వైద్యుడు కోయినో. 1922లో తను 2,000 గుడ్లు మింగి, తమ్ముడి చేత పంది ఏలికపాము గుడ్లు 500 మింగించాడు. (తమ్ముడు ఎలా ఒప్పుకున్నాడో!) కోయినోకు జ్వరం, దగ్గు, ఆయాసం పట్టుకున్నాయి, కఫంలో పిల్లపురుగులు కనిపించాయి. యాభై రోజుల తర్వాత మందు వేసుకుంటే 667 పురుగులు పడ్డాయి.

దారి అప్పటికి మొత్తం కనబడింది. గుడ్డు నోట్లోంచి చిన్నపేగుకు చేరి పగులుతుంది. పిల్ల పేగు గోడ తొలుచుకుని రక్తంలో పడి, కాలేయం మీదుగా ఊపిరితిత్తులకు వెళ్లి, గొంతులోకి ఎగబాకి, మళ్లీ మింగుడుపడి పేగులోనే స్థిరపడుతుంది. పెద్దదైన ఆడపురుగు రోజుకు దాదాపు రెండు లక్షల గుడ్లు పెడుతుంది. ఆ గుడ్డు ఎంత గట్టిదంటే, 1485లో యుద్ధంలో చచ్చిన ఇంగ్లండ్ రాజు మూడో రిచర్డ్ అస్థిపంజరం 2012లో లెస్టర్‌లోని ఒక పార్కింగ్ స్థలం కింద దొరికినప్పుడు, కటి ఎముకల దగ్గరి మట్టిలో ఏలికపాము గుడ్లు ఇంకా గుర్తుపట్టేలా ఉన్నాయి.

కారణం తెలిసిన తర్వాత కూడా లోకం కదలడానికి కాలం పట్టింది. 1947లో అమెరికన్ శాస్త్రజ్ఞుడు నార్మన్ స్టోల్ ప్రపంచంలో 64 కోట్ల మందికి ఏలికపాములున్నాయని లెక్కగట్టాడు. యుద్ధానంతర జపాన్‌లో పదిమందిలో ఆరుగురికి ఉండేవి, ఎందుకంటే కూరగాయల మడులకు మనిషి మలమే ఎరువు. దక్షిణ కొరియాలోనూ అంతే. 1963లో అక్కడి జొంజు పట్టణంలో పేగు మూసుకుపోయిన తొమ్మిదేళ్ల పాపకు శస్త్రచికిత్స చేసి 1,063 పురుగులు తీశారు. పాప దక్కలేదు. దేశం తలదించుకుంది. మరుసటి ఏడాది పరాన్నజీవుల నిర్మూలన సంఘం, 1966లో చట్టం. 1969 నుంచి 1995 దాకా బడిపిల్లలందరికీ ఏడాదికి రెండుసార్లు మలపరీక్ష, ఉన్నవాళ్లకు మందు. మలం ఎరువు స్థానంలో రసాయన ఎరువు వచ్చింది. 1971లో దాదాపు 55 శాతం ఉన్నది 1997కి 0.06 శాతానికి పడిపోయింది. చరకుడి మూడో మెట్టు సరైన కారణం మీద వేస్తే ఏమవుతుందో కొరియా చూపించింది.

మందులూ ఈలోగా మెరుగయ్యాయి. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో వాడుకలోకొచ్చిన పైపరజిన్ పురుగును చంపదు, కండరాలు సడలించి పట్టు తప్పిస్తుంది. 1970ల్లో మెబెండజోల్, ఆల్బెండజోల్ వచ్చాయి. ఇవి పురుగును చక్కెర పీల్చుకోనివ్వక మాడ్చేస్తాయి. ఆల్బెండజోల్ ఒక్క మాత్ర చాలు, చవక, ప్రమాదం బహు తక్కువ. ఇంత మంచి మందు దొరకడమే ఒక రకంగా ఇబ్బంది తెచ్చింది, ప్రభుత్వాలకు మాత్రే మొత్తం పథకమైపోయింది. మందొక్కటే వేసి ఊరుకున్న చోట ఏడాది తిరిగేసరికి పురుగులు దాదాపు పాత స్థాయికి చేరుతున్నాయని అధ్యయనాలు చెబుతున్నాయి. కెన్యా బడుల్లో మాత్రలిచ్చాక పిల్లల హాజరు పెరిగిందని 2004లో మిగెల్, క్రెమర్ చెప్పిన ఫలితం మీద ఆర్థికవేత్తలు, వైద్య గణాంకవేత్తలు చాలాకాలం కొట్లాడుకున్నారు. అంతమాత్రాన కడుపులో పురుగులున్న పిల్లకు మాత్ర వద్దనేవాళ్లు వాళ్లలో లేరు.

మన దేశంలో జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం 2015 ఫిబ్రవరి 10న కొన్ని రాష్ట్రాల్లో మొదలై మరుసటి ఏడాది దేశమంతా వ్యాపించింది. ఒకటి నుంచి పందొమ్మిదేళ్ల దాకా 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ మాత్ర, రెండేళ్ల లోపువాళ్లకు అందులో సగం. తెలుగు రాష్ట్రాల బడుల్లో, అంగన్‌వాడీల్లో ఆ రోజు దగ్గరుండి నమిలిస్తారు. వద్దనకండి, మీ పిల్లల చేత నమిలించండి. అలాగే ఆ బడి మరుగుదొడ్డిలో నీళ్లొస్తున్నాయా, చేతులు కడుక్కోవడానికి సబ్బుందా అని హెడ్మాస్టరు గారిని అడిగి రండి.