బొమ్మను లాగే చెయ్యి

పిల్లల కోసం స్లైడ్లు తయారుచేసేవాళ్ల శ్రమలో ఎక్కువ భాగం నేడు రంగులకు, కదిలే బొమ్మలకు, శబ్దాలకే ఖర్చవుతోంది. బొమ్మ ఎంత మెరిస్తే పిల్లలు అంతసేపు కూర్చుంటారన్న నమ్మకమే దీనికి కారణం. జపాన్ వీధుల్లో ఒకప్పుడు వెలిగిన కామిషిబాయ్ అనే అట్టబొమ్మల కథాప్రదర్శన చరిత్ర చూస్తే ఈ నమ్మకం నిలవదు. బొమ్మను ఎప్పుడు చూపాలో, ఎంతసేపు దాచాలో తెలిసిన కథకుడే అక్కడ పిల్లల్ని కట్టిపడేశాడు.

1930 ప్రాంతంలో ఆర్థిక మాంద్యం దెబ్బకు పనులు పోయినవాళ్లు చాలామంది టోక్యోలో ఈ వృత్తిలోకి దిగారు. సైకిలు వెనక చిన్న చెక్క రంగస్థలం, మిఠాయిల పెట్టె, చేతిలో రెండు కొయ్య ముక్కలు: అదే పెట్టుబడి. ఆ కొయ్యల టకటక వినపడగానే పిల్లలు మూగేవారు. మిఠాయి కొన్నవాళ్లకు ముందు వరస, కొననివాళ్లకు వెనక చోటు. కథకుడు చట్రంలోని అట్టబొమ్మల్ని ఒక్కొక్కటిగా పక్కకు లాగుతూ కథ చెప్పేవాడు. చేత్తో వేసిన ఆ బొమ్మల్ని వ్యాపారులు అద్దెకిచ్చేవారు. ఒకరు చూపించిన కట్ట తర్వాత మరొకరి చేతికి వెళ్లేది. కపాలం ముఖంతో వచ్చే ‘ఓగోన్ బాట్’ అనే వీరుడు పుట్టింది ఈ అట్టలమీదే. సాహసగాథ మంచి పట్టులో ఉండగా ఆగిపోయేది. తరువాయి కోసం పిల్లలు మళ్లీ రావాల్సిందే.

ఈ కళలోని పనితనమంతా ఆ లాగడంలో ఉంది. అచ్చైన కట్టల్లో మొదటి బొమ్మకు చెప్పాల్సిన మాటలు చివరి అట్ట వెనక ఉంటాయి, రెండో బొమ్మ మాటలు మొదటి అట్ట వెనక ఉంటాయి. లాగిన అట్టను వెనక్కి చేర్చగానే దాని వీపు కథకుడికి ఎదురవుతుంది కాబట్టి ఈ ఏర్పాటు. పిల్లల కళ్లముందు బొమ్మ తప్ప ఒక్క అక్షరం ఉండదు. సగం లాగి ఆగమనో, ఒక్కసారిగా లాగెయ్యమనో సూచనలు కూడా ఆ వెనకే ఉంటాయి. సగం లాగినప్పుడు పులి తోక మాత్రమే కనిపిస్తే, మిగతా పులిని పిల్లలే ఊహించుకుంటారు. మన చేర్యాల నకాశీ పటంతో కథ చెప్పేవాళ్లూ కథ నడిచినకొద్దీ పటం విప్పుతారు. బొమ్మ మాటను దాటి ముందుకు పోదు.

పిల్లలు వచ్చింది మిఠాయి కోసమే కదా అనవచ్చు. కథకుడి బతుకుదెరువు మిఠాయిమీదే అన్నది నిజం. అయితే వీధి కథల ఆకర్షణను గమనించిన క్రైస్తవ బోధకురాలు ఇమాయ్ యోనె 1933లో బైబిలు కథల కట్టలు ప్రచురించడం మొదలుపెట్టారు. ఆ తర్వాత తకహాషి గొజాన్ కిండర్‌గార్టెన్ పిల్లల కోసం కట్టలు వేశారు. మిఠాయి లేని గదుల్లోనూ కథ సాగింది. 1953లో ప్రసారాలు మొదలుపెట్టిన టెలివిజన్ దీన్ని ఓడించింది కదా అన్నది మరో ఆక్షేపణ. టీవీని తొలిరోజుల్లో ‘కరెంటు కామిషిబాయ్’ అని పిలిచారు కూడా. అది తుడిచిపెట్టింది వీధి వ్యాపారాన్ని. పిల్లల ముఖం చూసి ఆగగల మనిషి అవసరమైన చోట, అంటే శిశుపాఠశాలల్లో, గ్రంథాలయాల్లో, కామిషిబాయ్ నేటికీ బతికే ఉంది. అన్నిటికన్నా బరువైన ఆక్షేపణ యుద్ధకాలానిది: ఇదే కళను ప్రభుత్వం యుద్ధ ప్రచారానికి వాడుకుంది. కాదనలేం. కథకుడి గొంతుకు అంత బలం ఉన్నప్పుడు, పిల్లలకు ఏం చెబుతున్నామన్న బాధ్యతా అంతే పెద్దది.

నేటి స్లైడ్లకు ఇందులో నేరుగా పనికొచ్చే పాఠం ఉంది. తెరమీద ఒక్క బొమ్మే ఉంచి, మాటల్ని చెప్పేవాళ్లకు మాత్రమే కనిపించే నోట్స్‌లోకి మార్చాలి. పిల్లలు ఊహించేదాకా తర్వాతి స్లైడు నొక్కకూడదు. అలంకరణకు పెట్టే సమయంలో సగం కథ చెప్పే సాధనకు పెడితే, సాదా బొమ్మ కూడా తరగతిని నిలబెడుతుంది.