పోటీసభలో ఏ కృతి?



మన కోనసీమ అగ్రహారములలో వేదపరీక్ష జరుగు తీరు మీలో పెక్కుమంది చూచియుందురు. విద్యార్థి తనకు నచ్చిన పనసను తానెన్నుకొనుటకు వీలులేదు. పరీక్షాధికారి యొక పదమందించును, అచ్చటనుండి యెత్తుకొనవలసినదే. సంగీతపు పోటీలలో నట్లు గాదు. ఏమి పాడవలెనో, ఏమి వాయింపవలెనో పోటీదారుడే ముందుగా జాబితా వ్రాసి పంపవలెను. ఇది సులభమని తోచును గాని నిజమునకు మిక్కిలి చిక్కైన పని.

ఈ ప్రసంగమునకు కారణము మా మనుమరాలు. అమెరికాలో పియానో నేర్చుకొనుచున్నది. ఆ వాద్యమునకు మన హార్మోనియమువలెనే మెట్లుండును. కాని గాలితో గాక, లోపలి చిన్న సుత్తులు ఉక్కుతీగలను కొట్టుటచేత పలుకును. మెట్లు 88. ఒక అంతర్జాతీయ పోటీకి దరఖాస్తు పెట్టబోవుచు, ఏమి వాయించుట మంచిదని నన్నడిగినది. పియానోపై వ్రేలైన ఉంచని నేనేమి చెప్పగలను? చరిత్ర తిరుగవేసితిని.

ఇట్టి పోటీలలో మిగుల పేరుగన్నది పోలెండు రాజధానియగు వార్సా నగరమున 1927లో జూరవ్లెవ్ అను ఆచార్యుడు నెలకొల్పినది. మొదటి మహాయుద్ధానంతరము యువకులకు ఆటపందెములపై మోజు హెచ్చగా, ఆ యుత్సాహమును సంగీతమునకు మళ్లింపవలెనని ఆయన తలచెను. అచ్చట షోపెన్ కృతులు దప్ప వేరొకటి వాయింపరాదు. త్యాగరాజ కృతులే పాడవలెనను సభవంటిది. అయినను ఎన్నిక తప్పదు. తుదివిడతలో వాద్యబృందముతో కలిసి వాయించుటకు షోపెన్ వ్రాసిన కన్సర్టోలు రెండే కలవు. పలువురు ఇ మైనరు కన్సర్టోనే పట్టుదురు. 1980లో వియత్నాం యువకుడు దాంగ్ థాయ్ సన్ ఎఫ్ మైనరు కన్సర్టోను వాయించి ప్రథమ బహుమానము నందెను. ఆ పోటీ గెలిచిన ఆసియావాసులలో అతడే మొదటివాడు. యుద్ధకాలమున హనోయి సంగీతపాఠశాల పల్లెలకు తరలిపోగా, బాల్యమున అచ్చటనే సాధన చేసినవాడు.

నిర్ణేతల అభిరుచి ముందుగా పసిగట్టి జాబితా కూర్చుకొందమనువారికి ఆ యేటి కథ యింకొకటి కలదు. యుగోస్లావియా యువకుడు పొగొరెలిచ్‌ను తుదివిడతకు రానీయనందున, నిర్ణేతలలో నొకరగు మార్తా అర్గెరిచ్ అలిగి సభ విడిచిపోయెను. ఆమె 1965లో ఆ పోటీనే గెలిచిన విదుషి. నిర్ణేతలకే తమలో పొత్తు కుదరనప్పుడు వారి మనసు మనకేమి తెలియును?

1958లో మాస్కోలో చైకోవ్‌స్కీ పేర మొదటి పోటీ జరిగెను. అమెరికా, రష్యాలు ఒండొరులను అనుమానముతో చూచుకొనుచున్న కాలమది. 23 ఏండ్ల అమెరికను యువకుడు వాన్ క్లైబర్న్ చైకోవ్‌స్కీ మొదటి కన్సర్టోతోపాటు రాఖ్మనీనవ్ మూడవ కన్సర్టోను వాయించి గెలిచెను. ఈ రెండవదాని చరిత్ర వినదగినది. రష్యావాడు కూర్చిన యా కృతి 1909లో మొట్టమొదట వినబడినది న్యూయార్కులో. పుట్టింటి యాడపడుచును మరల దిగవిడిచినట్లు, దానిని అమెరికా బాలుడు మాస్కోకు తీసికొనిపోయెను. అంతమాత్రమున పైపై యెత్తుగడ యనరాదు. అతనికి మూడవయేటనే విద్య నారంభించినది తల్లి. పిదప గురువైన రోజీనా లేవిన్ మాస్కోలో చదివిన యామె. కాబట్టి ఆ సంగీతము అతనికి గురుపరంపరగా వచ్చిన సొత్తు.

మనదేశమున నిట్టి పోటీలు కొత్త గావు. లోకమును చాపవలె చుట్టినాడని బిరుదు గాంచిన బొబ్బిలి కేశవయ్య తంజావూరు వచ్చి విద్వాంసులను సవాలు చేసెననియు, శ్యామాశాస్త్రులవారు (1762–1827) ఆయన నెదుర్కొనిరనియు సంప్రదాయజ్ఞులు చెప్పుదురు. కేశవయ్య 128 అక్షరముల సింహనందన తాళమును ప్రయోగింపగా, శాస్త్రులవారు 79 అక్షరముల శరభనందనముతో బదులిచ్చిరట. అందరు నీ లెక్కలనే మెచ్చుకొందురు. నాకు మాత్రము సభకు ముందటి ఘట్టము ముఖ్యము. ఆయన బంగారు కామాక్షి సన్నిధికిపోయి, చింతామణి రాగమున కీర్తన చేసి తల్లిని వేడుకొనిరని చెప్పుదురు. సభలో గెలిచిన తాళము నేడు గ్రంథములలో నున్నది. గుడిలో పాడిన కీర్తన నేటికిని జనుల నోళ్లలో నున్నది.

ఈ సంగతి నేను చాల ఆలస్యముగా గ్రహించితిని. నేను బడిపంతులుగా నుండగా రేవు దాటించు పడవవాని కుమారుడొకడు నా తరగతిలో నుండెను. మంచి గొంతు. పాఠశాలల పోటీకి పిల్లవాని నెవనినైన పంపవలసివచ్చినప్పుడు, వాడు తండ్రి గడవేయుచు పాడుకొను తత్త్వమును పాడెదననెను. నేను వలదంటిని. సంగీతము నాకు వచ్చినది కొద్ది. అయినను పెద్ద కృతియైన గాని బడికి గౌరవము కాదనుకొని, ఆరభి పంచరత్నమును మూడు వారములలో నూరిపోయించితిని. సభలో సగము పాడి చరణము మరచెను. నా వంక చూచెను. నేను తల వంచుకొంటిని. వాడు మెల్లగా మెట్లు దిగిపోయెను. ఆ పిమ్మట బడిలో వాని పాట నేను వినలేదు.

మనుమరాలికి రెండు పంక్తులు వ్రాసితిని: ఎవరును వినని వేళ నీవు వాయించుకొను వానికి జాబితాలో ఎర్రసిరాతో గీత పెట్టి పంపుమని. జవాబు మొన్న వచ్చినది. గీత ఒక్కదానికే యున్నది. అది నాలుగు నిమిషములదట. మిగిలిన కాలమున కేమి వాయించునో యింకను తేలలేదు.